నాలుగో నంబరు బెంచి

అప్పీలుకు గడువు పదిహేను రోజులు.
పద్నాలుగో రోజు, మధ్యాహ్నం షిఫ్టు బెల్లు కొట్టినంక
శనిగరపు స్వరూప నా బల్ల మీద కాగితం పెట్టింది.
గోర్ల సందుల ఇనుప రజను.
ఏం మాట్లాడలే.
ఫ్యాను గాలికి ఎగురకుండ
కాగితం మీద ఉక్కు స్కేలు పెట్టి పోయింది.

ములుగు రోడ్డు మీద ఇరవై రెండేండ్ల సంది
ఫిట్టరు పాఠం చెప్తున్న.
ఒకని రికార్డు బుక్కుల అక్షరదోషం
ఇంకొకని బుక్కులకు నడిచిపోతే
అడుగుల జాడ నాకు కనబడుతది.
ఈ పిల్లను గూడ అట్లనే పట్టిన.

పొద్దటి షిఫ్టుల గాదె మొగిలి చేసిన చదరం,
మధ్యాహ్నం షిఫ్టుల ఈమె చేసింది,
పక్కపక్కన పెట్టి చూసిన.
ఎడమ మూలల ఒకటే వంకర.
వెలుతురుకు ఎత్తితే ఒకటే సందు, దారప్పోగంత.
ఒప్పులు కలుస్తయ్, కలవాలె.
తప్పులు కలిసినయంటే దొంగతనమే
అని ఏటేటా పిల్లలకు చెప్పేది నేనే.
మొగిలి ముందు చేసిండు, తప్పు మొగిలి సొంతం.
వాని చేత రెండోది గీయించుకున్నదని రాసి
ఈమెకు సున్నా చుట్టిన.
కంపాసు పెట్టి గీసినంత గుండ్రంగ.

కాగితంల సవినయాలు లేవు, విన్నపాలు లేవు.
"సార్, మొగిలి మొఖం నాకు తెల్వది.
వాడు పోయినంక నేనొస్త.
ఇద్దరిదీ నాలుగో నంబరు బెంచే.
అదే వైసు, అదే ఆకురాయి, అదే మూలమట్టం.
నా చెయ్యిని చూసిండ్రు.
మూలమట్టాన్ని గూడ చూడుండ్రి."

కమిటీ ముగ్గురు. ప్రిన్సిపాలు, వెల్డింగు నిర్మల మేడం,
వచ్చే నెల రిటైరయ్యే జహంగీర్ సారు.
నకలు నిబంధనలు చదువుమంటే చదివిన.
ఏడో నిబంధన కాడ గొంతు ఆగింది.
ఎవరో కొట్టేసిన నిజామాబాద్ మీద
మా ఊరి పేరు పెన్నుతోటి రాసి ఉన్నది.
నిర్మల మేడం చాయ్ గ్లాసు వెనుక నవ్వింది.
నేను నవ్వలే.

జహంగీర్ సారు రేకు తెచ్చి నా ముందు పెట్టిండు.
నీలం పూసిన రేకు, ఇంకా తడి ఆరలే.
"గీయి" అన్నడు.

మొదటి వారం పాఠమే అది.
అంచుకు ఆనించి ఒక గీత.
మూలమట్టం బోర్లించి, అదే చుక్క మీద ఇంకో గీత.
మట్టం సత్యమైతే గీతలు రెండూ ఒకటే.

కింద, చుక్క కాడ, కలిసే ఉన్నయ్.
పైకి పోయినకొద్దీ
పొత్తు విడిపోయిన అన్నదమ్ముల లెక్క
దూరం జరిగినయ్.

మూతబడ్డ మిల్లు సామాను వేలంల
నాలుగు రూపాయలు తక్కువకొస్తుందని
ఆ మట్టం ఏరి తెచ్చింది నేను.
దాని మీద ఎంతమందిని కొలిచిన్నో
ఎంతమందికి "చెయ్యి వంకరరా నీది" అన్ననో
ఆ రిజిస్టర్లు చెదలు తిన్నయ్.
నర్సంపేట పిలగాడు ఒకడుండె,
ఈ బెంచి మీదనే రెండుసార్లు ఫెయిలయ్యి
ఆటో నడుపుకుంటున్నడని విన్న.
వాడు అప్పీలు రాయలే.
రాయొచ్చని నేను గూడ చెప్పలే.

స్వరూపకు అరవై ఎనిమిది వేసినం.
నునుపు తక్కువున్నది, ఆ మార్కులు కొయ్యక తప్పలే.
"కొయ్యుండ్రి సార్, అది నాదే" అన్నది.
తలుపు దాక పోయి మర్లొచ్చింది:
"మొగిలికి గూడ చెప్పుండ్రి.
వాడు తన చెయ్యే వంకరనుకుంటుండొచ్చు."

ఫారంల ఆఖరి గడి ఇంకా ఖాళీ.
తప్పిదానికి బాధ్యుల పేరు, అని అచ్చేసి ఉన్నది.
నాలుగో నంబరు బెంచి అని మొదలుపెట్టిన.
కొట్టేసిన.
గడి చిన్నది. నా పేరు ఇంటిపేరుతో సహా
అండ్ల పట్టాలంటే
అక్షరాలు ఇరికించి రాయాలె.